ఓడకు ముందు రోజు

సికింద్రాబాద్ వాళ్ళకు ఓడ ఎక్కడమంటే ముందు రైలు ఎక్కడమే. మనకు ఏ సముద్రమూ దగ్గర కాదు. విశాఖ ఏడు వందల కిలోమీటర్లు, చెన్నై కూడా అటూ ఇటూగా అంతే. ఓడ టికెట్టు చేతికొచ్చినా, ఆ ఏడు వందల కిలోమీటర్లు దాటేదాకా అది మనది కాదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా, ఓడకు ముందు రోజును దండగ కింద లెక్కగట్టి కొట్టేశాను. ఓడ దిగిన రోజును ఒక్క నిమిషం ఖాళీ లేకుండా కుక్కేశాను. ఈ రెండూ కలిసి మా అక్కకు ఏం చేశాయో ఇన్నాళ్ళూ నాలో నేనే నలుగుతున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మన తూర్పు తీరంలో ఈ విహారనౌకల ముచ్చట ఈమధ్య మొదలైందే. 2022 జూన్ 4న చెన్నై రేవులో ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపి పంపిన కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ ఆ నెల 8న విశాఖకు వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2023 సెప్టెంబర్‌లో, విశాఖ రేవులో దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. 2025 జూలైలో మళ్ళీ విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దిగే ప్రయాణాలు పెట్టారు. పేపర్లో ఆ వార్త చదివి మా ఆవిడ ముచ్చటపడింది. నేనూ సరేనన్నాను.

ఓడ వర్షాకాలంలోనే ఎందుకు వస్తుందో తెలుసుకున్నాను గానీ, అందులో నాకొక హెచ్చరిక ఉందని గ్రహించలేదు. నైరుతి రుతుపవనాల రోజుల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అందుకని ముంబయి, గోవా, లక్షద్వీప్ వైపు తిరిగే ఓడ ఆ నెలల్లో బంగాళాఖాతం వైపు మళ్ళుతుంది. అంటే, ఓడ మన వైపు వచ్చే కాలమూ, మన రైలు దారి మీద వాన విరుచుకుపడే కాలమూ ఒకటే. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది మట్టి వరదకు కొట్టుకుపోతే విజయవాడ వైపు రైళ్ళు రోజుల తరబడి ఆగిపోయాయి. కాజీపేట మీదుగా విశాఖకు వెళ్ళే రైళ్ళన్నిటికీ అదే దారి. వాన దాకా ఎందుకు, 2022 జూన్ 17న అగ్నిపథ్ ఆందోళనల్లో మన సికింద్రాబాద్ స్టేషన్‌లోనే పెట్టెలు తగలబడి, ఆ రోజు గంటల తరబడి ఒక్క రైలూ కదల్లేదు. మారేడ్‌పల్లిలో మా ఇంటి డాబా మీదికి ఆ పొగ కనిపించింది. అంతా కళ్ళారా చూసినవాణ్ణి, ఓడ కదిలే రోజు పొద్దున దిగే రాత్రి రైలుకు టికెట్లు తీశాను.

అక్క సంగతి ఇక్కడే చెప్పాలి. అక్కకు పెళ్ళయ్యాక కాపురం విశాఖ వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసుకు దగ్గర్లో. బావగారికి రైల్వేలో ఉద్యోగం. బదిలీ మీద సికింద్రాబాద్ వచ్చేదాకా అక్క ఆ వీధిలోనే ఉంది. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. పక్కింటి పిన్నిగారు పురుళ్ళు పోసి, పథ్యాలు చేసిపెట్టిన మనిషి. బావగారు పోయాక అక్క పద్మారావునగర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. విశాఖ వెళ్ళి ఏళ్ళు దాటిపోయింది.

అక్క ఓడ ప్రయాణానికి వస్తానన్నది సరదాకు కాదు. వాళ్ళ అత్తగారింట్లో రంగం, అంటే రంగూన్, కథలు చెప్పుకునేవారు. బావగారి తాతగారు కుర్రతనంలో రంగూన్‌కు వెళ్ళి, కొన్నాళ్ళు కష్టపడి, తిరిగొచ్చి ఆ ఇల్లు కట్టారట. ఆ రోజుల్లో విశాఖ, భీమిలి, కాకినాడ, కళింగపట్నం రేవుల నుంచి వేలమంది రంగం వెళ్ళారు. విశాఖకు ఓడలు లోపలికొచ్చే హార్బరు 1933లోగానీ తెరుచుకోలేదు. అంతకుముందు ఓడ సముద్రంలో దూరంగా లంగరేసుకుని నిలబడితే, మసూలా పడవల్లో అలల మీదుగా మనుషుల్ని, మూటల్ని తీసుకెళ్ళి ఎక్కించేవారు. ఈ కథ అక్కకు కంఠతా వచ్చు. “మా మామగారి నాన్నగారు వెళ్ళిన ఊరి నుంచే నేనూ ఓడెక్కుతాను రా” అని ఫోన్‌లో అన్నప్పుడు ఆ గొంతులో సంబరం నాకు వినిపించింది. ఆ వెంటనే ఒక మాట అడిగింది.

“ఒరేయ్, ఒక్క రోజు ముందే పోదాం రా. మా వీధికి వెళ్ళి, పిన్నిగారి కాళ్ళకు దణ్ణం పెట్టుకుని, అక్కణ్ణించే రేవుకు వెళ్దాం.”

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఎందుకక్కా, గదికి డబ్బులు దండగ. రైలు పొద్దున ఆరింటికల్లా దిగుతుంది. బోర్డింగ్ మధ్యాహ్నం. మధ్యలో బోలెడు టైముంది, అరగంటలో మీ వీధి చూసేద్దాం” అన్నాను.

అక్క మళ్ళీ అడగలేదు. పెద్దవాళ్ళు రెండోసారి అడగరు. అడగకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. మా ఆవిడకు మాత్రం తెలిసింది. “ఏమండీ, వదినగారు అంతగా అడిగింది కదా, ఆ ఒక్క రోజుకూ మనకేం తరిగిపోతుంది? వందేభారత్‌లో మధ్యాహ్నం ఎక్కితే రాత్రికల్లా విశాఖలో ఉంటాం” అంది. నిజమే. 2023 జనవరి నుంచి నడుస్తున్న ఆ రైలు మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో కదిలి, అర్ధరాత్రి కాకముందే విశాఖ చేరుస్తుంది. రాత్రి హాయిగా పడుకుని, పొద్దున్నే వన్‌టౌన్‌కు పోవచ్చు. నేను కాగితం మీద కూడికలు వేసి చూపించాను. గదుల అద్దె, వందేభారత్ చార్జీకి స్లీపర్ చార్జీకి తేడా, అదనపు భోజనాలు. అన్నీ కలిపి ఇంత మిగులుతుందని గీత గీశాను. ఆ గీత కింద మిగిలిన అంకె చూసుకుని తృప్తిపడ్డాను.

ప్రయాణం రోజు రాత్రి మా రైలు డోర్నకల్ దాటాక వానలో ఆగింది. ముందు లైనులో ఏదో అడ్డమన్నారు. కదిలింది, మళ్ళీ ఆగింది. తెల్లారేసరికి విశాఖలో ఉండాల్సినవాళ్ళం విజయవాడ దగ్గర్లో ఉన్నాం. నేను సెల్‌ఫోన్‌లో రైలెక్కడుందో చూసుకుంటూ కూర్చున్నాను. అక్క కింద బెర్తు మీద, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. అందులో పిన్నిగారికని తెచ్చిన ఉస్మానియా బిస్కెట్ల పెట్టె ఉంది. వాన జల్లు లోపలికి కొడితే అక్క తన చీర కొంగు తడిసినా చూసుకోలేదు, కొంగుతో ఆ సంచీని కప్పింది. నేను అది చూశాను. చూసి మళ్ళీ ఫోన్‌లోకి తల దించుకున్నాను.

రాజమండ్రి దాటాక లెక్క తేలిపోయింది. విశాఖ స్టేషన్ దాకా వెళితే అందుకోలేం. దువ్వాడలో దిగి, కారు మాట్లాడుకుని నేరుగా రేవుకు పరిగెత్తాం. ఓడ సాయంత్రం కదులుతుంది గానీ, బోర్డింగ్ అంతకు కొన్ని గంటల ముందే ఆపేస్తారు. సామాను చెకింగ్ కావాలి, గుర్తింపు కార్డులు చూపించాలి, సెక్యూరిటీ దాటాలి. రైలు మనకోసం ఒక నిమిషం ఆగినా ఆగుతుందేమో, ఓడ ఆగదు. పోటు, పైలట్, రేవు ఇచ్చిన వేళ, వీటిని బట్టి అది కదలాలి. కారు పాత ఊరి పక్కనుంచే పోయింది. అక్క అద్దం దించి చూస్తూ, “ఇటు తిరిగితే మా వీధే” అంది. డ్రైవరు నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపి, “పోనీ బాబూ, పోనీ” అన్నాను.

చివరి నిమిషంలో ఎక్కాం. ఓడ కదిలే వేళకు డెక్ మీదికి వచ్చాం. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. ఇంకోవైపు పాత ఊరి కొండలు. అక్క కమ్మీ పట్టుకుని మా ఆవిడకు ఒక్కొక్కటే చూపించింది. “అదిగో ఆ తెల్లటి చర్చి ఉన్నది రాస్ హిల్. దాని పక్కది దర్గా కొండ. అది వెంకటేశ్వరస్వామి కొండ. ఆ కిందనే మా ఇల్లు. మా అత్తగారు పొద్దున్నే డాబా మీద నిలబడి మూడు కొండలకూ దణ్ణం పెట్టుకునేది.” చెబుతూనే ఉంది. గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. ఆ వీధికి కూతవేటు దూరంలోంచి, ఆ వీధిలో అడుగు పెట్టకుండా, ఆమెను సముద్రం మీదికి తీసుకుపోతున్నవాణ్ణి నేను. ఒక్క మాట అని ఉంటే తేలిగ్గా ఉండేది. అనలేదు.

అప్పుడు నాకు అర్థమైంది, ఆమెకు ఓడ ప్రయాణం మొదలవ్వాల్సింది ఆ వీధి గడపలోంచి. రంగం వెళ్ళిన మనిషి ఇంటి ముందు నిలబడి, తనను కన్నకూతురిలా చూసిన పిన్నిగారికి చెప్పి, నడిచి రేవుకు వెళ్ళాలనుకుంది. నాకు అది ఓడకు ముందు మిగిలిపోయే అరగంట. ఆమెకు ఓడే దాని తర్వాత వచ్చేది. నేను అరగంటలో సర్దేసిన దాన్ని రైలు ఆలస్యం ముందుగా మింగేసింది. ప్రయాణంలో ఏది ఆలస్యమైనా మొదట పోయేది మిగులు టైమే. మనకు ప్రాణమైనదాన్ని అందులో పెట్టకూడదు.

ఓడ మీద రోజులు బాగానే గడిచాయి. పుదుచ్చేరిలో ఓడ ఒడ్డుకు దూరంగా నిలిచింది. చిన్న పడవల్లో జనాన్ని తీసుకెళ్ళారు. 2022లో అక్కడ దిగడానికి అనుమతే దొరకలేదు. ఓడవాళ్ళు వేసుకున్న ప్లాను కూడా ఒక సంతకం దగ్గర ఆగిపోతుందని అప్పుడే లోకమంతా చూసింది. నేనొక్కణ్ణే నా ప్లాను గడియారంలా నడుస్తుందనుకున్నాను. అక్క దిగలేదు. డెక్ మీద కూర్చుని ఆ పడవల్ని చూస్తూ, మసూలా పడవల సంగతి పక్కనున్న ఒక తమిళ పెద్దావిడకు వచ్చీరాని తమిళంలో చెప్పింది.

చెన్నైలో చేసింది ఇంకో తప్పు. పొద్దున ఓడ దిగాం. రాత్రికి రైలు. “ఎలాగూ రోజంతా ఉంది, గది దేనికి?” అని, సెంట్రల్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో సామాను పడేసి, చూడాల్సినవాటి జాబితా తీశాను. ఎగ్మోర్ మ్యూజియం, మెరీనా, శాంథోమ్ చర్చి, మైలాపూర్ కపాలీశ్వరుడు, సాయంత్రం టీ నగర్‌లో చీరలు. ఓడ దిగినవాళ్ళకు కాళ్ళ కింద నేల కూడా ఊగుతున్నట్టే ఉంటుందని నాకు తెలియదు. మూడు రాత్రులు ఊగే నేలకు అలవాటుపడ్డ శరీరం, కదలని నేల మీద కూడా అదే ఊపు వెతుక్కుంటుంది. వయసు మీదపడ్డవాళ్ళకు దాన్ని తట్టుకోవడం ఇంకా కష్టం. స్నానం లేదు, నడుం వాల్చింది లేదు, జూలై ఉక్కపోత. మ్యూజియం మెట్ల దగ్గరే అక్క గోడ పట్టుకుంది. “ఏం లేదురా, కొంచెం తల తిరిగినట్టుంది” అంది. నేను నీళ్ళు తాగించి ముందుకు నడిపించాను.

మైలాపూర్‌లో గుడి కోనేటి గట్టు మీద కూలబడిపోయింది. మా ఆవిడ పక్కన కూర్చుని కొంగుతో విసురుతూ నావైపు చూసి, “ఇంక చాలు” అంది. అంతే, ఒక్క ముక్క. మా పెళ్ళయ్యాక ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాను. కోనేటి గట్టు నీడలో ముగ్గురం చాలాసేపు కూర్చున్నాం.

ఆ గట్టుకు దగ్గర్లోనే, రాయపేట హైరోడ్డు మీద, పొట్టి శ్రీరాములుగారు ప్రాణం విడిచిన ఇల్లుంది. బులుసు సాంబమూర్తిగారి ఇల్లది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి, 58వ రోజైన డిసెంబర్ 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. ఇప్పుడది స్మారక భవనం. ఆ రాష్ట్రపు కథలో అంత పెద్ద చోటు చెన్నైలో తెలుగువాళ్ళకు మరొకటి లేదు. మా నాన్నగారు చిన్నప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి ఆ రోజుల సంగతులు చెప్పేవారు. అక్కకు అవన్నీ గుర్తున్నాయి. నా జాబితాలో ఆ ఇల్లు లేదు. టీ నగర్ చీరల దుకాణాలు ఉన్నాయి. ఎవరు ఏం చూడాలనుకుంటున్నారని అడగకుండా, అందరూ చూసేవి ఎత్తి రాసుకున్న జాబితాలో అది ఎలా ఉంటుంది?

రాత్రి రైలు మమ్మల్ని చర్లపల్లిలో దించింది. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరిగి కడుతున్నందువల్ల కొన్ని రైళ్ళు అప్పుడు అక్కణ్ణించే నడిచేవి. ఆటోలో పద్మారావునగర్ వచ్చేసరికి అక్క మొహం పాలిపోయింది. మేనల్లుడు సామాను దించుతుంటే చేతిసంచీలోంచి బిస్కెట్ల పెట్టె బయటికొచ్చింది. వాడు “ఇదేంటమ్మా, ఇక్కడ కొన్నది మళ్ళీ ఇక్కడికే తెచ్చావ్?” అన్నాడు. అక్క “మర్చిపోయాను లేరా” అంది. నా తప్పును తన మతిమరుపు చేసుకుంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నేను మిగిల్చానన్న డబ్బు ఎంతో ఇవాళ గుర్తు కూడా లేదు. పోగొట్టింది మాత్రం మర్చిపోలేను.

చలికాలం రాగానే అక్కను తీసుకుని విశాఖ వెళ్ళాను. ఓడ లేదు, సముద్రం మీద ఏ పనీ లేదు. వన్‌టౌన్‌కు దగ్గర్లోనే గది తీసుకున్నాం. వీధి చాలా మారింది. పిన్నిగారు మంచంలో ఉన్నారు గానీ అక్కను గొంతు పట్టి గుర్తుపట్టారు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు అక్కను క్షమించమని అడిగాను. “చూశాను కదరా, చాలు” అంది. ఆమె మనసు పెద్దది. కానీ నా మట్టుకు నాకు అది చాలదు. వీధి చూపించగలిగాను. ఆ వీధిలోంచి నడిచి వెళ్ళి ఓడెక్కే ఆ ఒక్క రోజును మాత్రం ఇవ్వలేకపోయాను. ఆ వరస ఒకసారి తప్పాక మళ్ళీ కుదిరేది కాదు. అక్కకు ఇప్పుడు ఓడెక్కే ఓపిక లేదు.

దీన్నంతా నెమరేసుకుని నేను పట్టుకున్నది ఇది. ఓడకు ముందు రోజు దేనికి? ఒకటి, ఏడు వందల కిలోమీటర్ల దారిలో జరిగే ఆలస్యాన్ని మోయడానికి. రేవున్న ఊళ్ళో రాత్రి నిద్రపోయినవాడికి వాన భయం, పట్టాల భయం ఉండవు. రెండు, ఆ ఊరితో మన వెంట వచ్చినవాళ్ళకున్న బంధాన్ని తీర్చుకోవడానికి. ఓడ దిగిన రోజు దేనికి? ఒంటికి. ఒక గది, స్నానం, వేడన్నం, మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం ఓపికుంటే మనసుకు దగ్గరైన ఒకే ఒక్క చోటు. అంతకు మించి ఆ రోజుకు బరువెక్కించకూడదు. తిరుగు రైలు మర్నాటికి ఉండాలి.

రంగం వెళ్ళిన ఆ తాతగారి కాలంలో ఓడ ఏ పూట కనిపిస్తుందో ఎవరికీ గట్టిగా తెలియదు. అందుకే వాళ్ళు ముందే వచ్చి రేవు ఊళ్ళో దిగేవారు. ఎదురుచూడటం వాళ్ళ ప్రయాణంలో భాగం. మనకు నిమిషాలతో సహా టైమ్‌టేబుల్ దొరికేసరికి ఆ ఎదురుచూపును దండగ అనుకోవడం మొదలుపెట్టాం. నేను చేసిన తెలివితక్కువ పనికి వేరు అక్కడే ఉంది. వేళ తెలిసినంత మాత్రాన ఆ వేళకు చేరతామని కాదు. చేరినంత మాత్రాన మన పక్కవాళ్ళు కోరుకున్నది చేరిందనీ కాదు.

టికెట్లు తీసేవాడి చేతిలో వెంటవచ్చేవాళ్ళ కోరికలు కూడా ఉంటాయి. ముఖ్యంగా ఒక్కసారే అడిగి ఊరుకునే పెద్దవాళ్ళవి. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరైనా ఓడ టికెట్లు చూస్తున్నామంటే, ఓడ పేరేమిటి, గది ఏ అంతస్తులో అని నేను అడగను. ఆ ఊళ్ళో ఎవరికి పనుంది, వాళ్ళు ఎవర్ని చూడాలి, ఏ గుమ్మం ముందు నిలబడాలి అని అడుగుతాను. ఆ జవాబు చెప్పాకే ముందు రోజుకు రైలు టికెట్లు తియ్యమంటాను, తర్వాత గది చూడమంటాను, ఆ తర్వాతే ఓడ.